ఇంకెన్ని కిలోమీటర్లు?

"ఇంకొంచెమే నాన్నా. ఈ రెండేళ్ళు కష్టపడితే చాలు, తర్వాత అంతా హాయే."

ఈ మాట మీ ఇంట్లోనూ వినబడే ఉంటుంది. మా ఇంట్లో గత నెలలో వినబడింది. అన్నది నేనే. రాత్రి పదిన్నర అయింది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి, తప్పులు పోయిన వీక్లీ టెస్ట్ పేపరు ముందేసుకుని కూర్చున్నాడు. నేను పాలగ్లాసు పక్కన పెట్టి, భుజం తట్టి, ఆ మాట అన్నాను. వాడు తలెత్తి నన్ను చూసి చాలా మామూలుగా అడిగాడు.

"ఎనిమిది కిలోమీటర్లేనా అమ్మా?"

నాకు మాట రాలేదు. ఎందుకు రాలేదో మీకు చెప్పాలంటే మూడేళ్ళు వెనక్కి, ఐర్లండ్‌లోని విక్లో కొండల్లోకి వెళ్ళాలి.

మేం అప్పుడు డబ్లిన్‌లో ఉండేవాళ్ళం. మా వారి ఆఫీసు, మా అపార్ట్‌మెంటు రెండూ నగరానికి దక్షిణాన శాండీఫోర్డ్‌లోనే. వంటింటి కిటికీలోంచి చూస్తే డబ్లిన్ కొండలు కనబడతాయి. ఆ కొండలకు అవతల విక్లో. మొదట ఆయన బరువు తగ్గడానికి పరుగు మొదలుపెట్టారు. తర్వాత పది కిలోమీటర్లు, తర్వాత మారథాన్. అక్కడితో ఆగుతారనుకున్నాను. ఆగలేదు.

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లని మీకు తెలిసే ఉంటుంది. అంతకంటే ఎక్కువ దూరం ఏదైనా అల్ట్రా మారథానే. 50 కిలోమీటర్లు కావచ్చు, 100 కావచ్చు, 161 కావచ్చు. రోడ్డు మీద కాకుండా కొండల్లో, అడవుల్లో, బురద నేలల్లో పరిగెత్తితే దాన్ని ట్రెయిల్ అల్ట్రా అంటారు. ఐర్లండ్‌లో దీనికి పిచ్చి అభిమానులున్నారు. విక్లో రౌండ్ అని ఒకటి ఉంది. సుమారు 100 కిలోమీటర్ల దూరంలో 26 కొండ శిఖరాలు ఎక్కి దిగి, 24 గంటల్లోపు బయలుదేరిన చోటికే రావాలి. దాన్ని మొట్టమొదట పూర్తి చేసింది మోయిర్ ఓసలివన్ అనే మహిళ, 2009లో. అంతకుముందు ఏడాది ఆమె ప్రయత్నించి మధ్యలో ఆగిపోయారు. ఈ సంగతి మా వారు నాకు కనీసం ఇరవై సార్లు చెప్పి ఉంటారు.

ఆయన ఎంచుకున్నది మాత్రం విక్లో వే. ఐర్లండ్‌లో గుర్తులు పెట్టి, నడిచేవాళ్ళ కోసం తెరిచిన మొట్టమొదటి దూరపు కాలిబాట అది. 1980లో మొదలైంది. జె.బి. మలోన్ అనే ఆయన పత్రికల్లో కాలినడక దారుల గురించి రాస్తూ, ఇలాంటి బాట ఒకటి ఉండాలని ఏళ్ళ తరబడి పట్టుబట్టి సాధించారట. డబ్లిన్ అంచున మార్లే పార్క్‌లో మొదలై, కార్లో కౌంటీలోని క్లోనెగల్ అనే చిన్న ఊళ్ళో ముగుస్తుంది. సుమారు 130 కిలోమీటర్లు. మామూలుగా నడిచేవాళ్ళు వారం రోజులు తీసుకుంటారు. మా వారు ఒక పగలు, ఒక రాత్రి అన్నారు. రేసు కాదు, మెడల్ లేదు, సర్టిఫికెట్ లేదు. "మరి ఎందుకండీ?" అని అడిగితే నవ్వి ఊరుకున్నారు. షూస్ ధర చూశాక నేను ఆ ప్రశ్న మరో రెండు సార్లు అడిగాను, అది వేరే విషయం.

ఇలాంటి పరుగులో పరిగెత్తేవాళ్ళకు వెనక నుంచి సాయపడేవాళ్ళను క్రూ అంటారు. బాట ఎక్కడెక్కడ రోడ్డును తాకుతుందో చూసుకుని, కారులో ముందే అక్కడికి చేరి, తిండి, నీళ్ళు, పొడి సాక్సులు సిద్ధంగా పెట్టుకుని ఎదురుచూడాలి. మా క్రూలో ఇద్దరమే. నేను, వెనక సీట్లో ఒళ్ళో మ్యాప్ పరుచుకున్న మా అబ్బాయి. వాడికి అప్పుడు పదకొండేళ్ళు.

పని తేలిక అనుకున్నాను. కాదు. అనుభవం ఉన్నవాళ్ళు మా వారికి చెప్పిన జాగ్రత్తలన్నీ ఆయన నాకు రాసిచ్చారు. "ఎలా ఉంది?" అని అడగకూడదట. యాభై కిలోమీటర్లు పరిగెత్తినవాడికి ఎలా ఉంటుంది? బాగాలేదనే చెబుతాడు, చెప్పాక నిజంగానే నీరసపడతాడు. బదులు సూటిగా అడగాలి. ఏం తిన్నావు? నీళ్ళ బాటిల్ ఎందుకు ఖాళీ కాలేదు? మూత్రం రంగు ఎలా ఉంది? పాదంలో ఎక్కడైనా రాసుకుపోతోందా? బొబ్బ లేచాక మందు వేయడం కాదు, మంట మొదలైనప్పుడే టేపు వేయాలి. ఇంకో ముఖ్యమైన షరతు, కుర్చీ కనబడనివ్వకూడదు. ఒకసారి కూర్చున్నవాడు లేవడు. అందుకని కారులో మడత కుర్చీ ఉన్నా డిక్కీలోనే దాచాను.

తిండి విషయంలో మాత్రం నా మాటే నెగ్గింది. అక్కడివాళ్ళు జెల్ ప్యాకెట్లు తింటారు. మా వారికి నాలుగో ప్యాకెట్ తర్వాత కడుపు తిప్పుతుంది. నేను ఉప్పు వేసి ఉడికించిన బంగాళదుంపలు, చింతపండు పులిహోర ముద్దలు, డబ్బాలో పెరుగన్నం, గ్యాస్ పోయిన కోక్ పెట్టుకున్నాను. పులిహోరకు మించిన అల్ట్రా ఆహారం లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. ఉప్పు, పిండిపదార్థం, నూనె, పులుపు అన్నీ అందులోనే ఉన్నాయి, పైగా పాడవదు.

జూన్ నెల. అక్కడ ఆ రోజుల్లో తెల్లవారు ఐదింటికల్లా సూర్యుడు వచ్చేస్తాడు, రాత్రి పది దాటినా వెలుగుంటుంది. ఐదు గంటలకు మార్లే పార్క్ దగ్గర వదిలిపెట్టాం. నల్లటి కర్ర మీద పసుపు రంగు నడిచే మనిషి బొమ్మ, పక్కన బాణం. దారంతా అదే గుర్తు. ఆ పసుపు మనిషి కనబడినంతసేపూ దారి తప్పలేదన్న మాట.

మొదటి సగం మీకు వర్ణించాలంటే నాకే కుళ్ళుగా ఉంటుంది, అంత అందం. పవర్స్‌కోర్ట్ జలపాతం దూరం నుంచి తెల్లటి దారంలా కనిపిస్తుంది. దాని తర్వాత జౌస్ కొండ భుజం మీదుగా వెళ్ళాలి. అక్కడ నేలంతా పీట్. శతాబ్దాలుగా కుళ్ళిన నాచుతో తయారైన నల్లటి మెత్తటి నేల, అడుగేస్తే మోకాలిదాకా దిగబడుతుంది. అందుకని పాత రైలు స్లీపర్లు పరిచి, జారకుండా వాటి మీద ఇనుప వల కొట్టారు. ఆ చెక్కబాట దిగి వస్తుంటే కింద లాక్ టే సరస్సు. నల్లటి నీళ్ళు, ఒక కొసన తెల్లటి ఇసుక. దానికి ఎదురుగానే జె.బి. మలోన్ పేరుతో ఒక రాయి. మేం రోడ్డు పక్క కారాపి కొంచెం దూరం నడిచి వెళ్ళి ఆ రాయి దగ్గర ఆయన కోసం ఎదురుచూశాం. ఆయన నవ్వుతూ వచ్చారు. మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. గొర్రెలు మమ్మల్ని వింతగా చూశాయి.

ఆయన ఆ రోజు ఎక్కుడంతా నడిచారు. ఇది చూసి మా అబ్బాయికి మొదట్లో చాలా నిరాశ. "నాన్న పరిగెత్తట్లేదు, నడుస్తున్నారు" అన్నాడు. అల్ట్రాలో ఎక్కుడు వస్తే పెద్ద పెద్ద రన్నర్లు కూడా నడుస్తారని, అక్కడ పరిగెత్తి మిగిల్చుకునే ఐదు నిమిషాల కోసం తర్వాత గంట పోగొట్టుకోవాల్సి వస్తుందని ఆయన తర్వాత వాడికి చెప్పారు.

గ్లెండలాక్‌కు 51 కిలోమీటర్లు. ఆరో శతాబ్దంలో సెయింట్ కెవిన్ స్థాపించిన మఠం అది. ముప్పై మీటర్ల ఎత్తున్న గుండ్రటి రాతి బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది. అక్కడికి మధ్యాహ్నం రెండింటికి వచ్చారు. అప్పటికే వాన మొదలైంది. అక్కడి వాన మన వానలా దబదబా కురిసి వెళ్ళిపోదు. దుమ్ములా రాలుతూ, గంటల తరబడి, బట్టల్లోంచి ఒంట్లోకి ఇంకుతుంది. జూన్ అయినా కొండ మీద గాలి చలి పుట్టిస్తుంది.

గ్లెన్‌మలూర్ లోయకు వచ్చేసరికి సాయంత్రం ఐదున్నర. 65 కిలోమీటర్లు, అంటే సరిగ్గా సగం. ఆయన ముఖం చూడగానే నాకు గుండె జారింది. పెదాలు తెల్లబడ్డాయి. పులిహోర ముద్ద రెండు మెతుకులు నమిలి వద్దన్నారు. కారు బానెట్‌కు ఆనుకుని, "ఒక్క పది నిమిషాలు కూర్చుంటాను" అన్నారు. డిక్కీలో కుర్చీ ఉంది. తీయలేదు. రాసిచ్చిన కాగితంలో ఆయనే కదా వద్దన్నారు.

"తర్వాత ఆగేది ఎక్కడ?"

"ఐరన్ బ్రిడ్జ్ దగ్గర."

"ఇంకెన్ని కిలోమీటర్లు?"

మ్యాప్ మీద నేను పెన్సిల్‌తో రాసుకున్న అంకె 14. మధ్యలో స్లీవ్ మాన్ అనే కొండ ఎక్కాలి, దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఎనిమిది నెలల శ్రమ నా కళ్ళ ముందు కదిలింది. నాలుగున్నరకు లేచిన ఉదయాలు, వదులుకున్న ఆదివారాలు. నిజం చెబితే ఇక్కడే ఆగిపోతారనిపించింది.

"ఎనిమిది" అన్నాను. "ఎక్కువ దిగుడే."

వెనక సీట్లోంచి మా అబ్బాయి తల బయటపెట్టాడు. "అమ్మా, పద్..." నేను కళ్ళతోనే వాణ్ణి ఆపేశాను. మీకు తెలుసు, తల్లులు అలా ఆపగలరు.

ఆయన వెళ్ళారు. మేం కారులో చుట్టు తిరిగి ఐరన్ బ్రిడ్జ్ చేరాం. చిన్న ఏరు, దాని మీద వంతెన, చుట్టూ చెట్లు. ఫోన్లో సిగ్నల్ లేదు. ఎనిమిదిన్నర అయింది. తొమ్మిదైంది. తొమ్మిదిన్నర. పొగమంచు చెట్ల మధ్యకు దిగింది. వాడు మ్యాప్ చూస్తూ కూర్చున్నాడు, నాతో మాట్లాడలేదు. అక్కడ కొండల్లో ఎవరైనా చిక్కుకుంటే 112కి ఫోన్ చేసి మౌంటెన్ రెస్క్యూ కావాలని అడగాలి. సిగ్నల్ ఉన్న చోటు వెతుక్కుంటూ వెళ్ళి ఫోన్ చేయాలా, లేక ఆయన వస్తారేమో ఇక్కడే ఉండాలా? ఆ అరగంట నేను ఎలా గడిపానో రాయలేను.

చివరికి వాడే దారి చూపించాడు. "అమ్మా, ఈ బాట మధ్యలో ఒక చోట మిలిటరీ రోడ్డును దాటుతుంది. అక్కడికి కారు వెళ్తుంది." 1798 తిరుగుబాటు తర్వాత, కొండల్లో దాక్కున్న తిరుగుబాటుదారులను పట్టుకోవడానికి సైన్యం కోసం బ్రిటిష్‌వాళ్ళు వేసిన రోడ్డు అది. ఇప్పటికీ సన్నగా, నిర్మానుష్యంగా ఉంటుంది. వంతెన దగ్గర ఒక చీటీ రాసి రాయి కింద పెట్టి, అటు వెళ్ళాం.

ఆయన అక్కడే ఉన్నారు. పసుపు మనిషి గుర్తున్న కర్ర పక్కన, రోడ్డు అంచున, మోకాళ్ళు ముడుచుకుని, వెండి రంగు ఎమర్జెన్సీ కవరు కప్పుకుని. తల మీద లైటు వెలుగుతోంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

జరిగింది ఇదీ. ఆయన ఈ రోడ్డు దాటి ముందుకే వెళ్ళారు. వాచీలో ఎనిమిది కిలోమీటర్లు అయ్యాయి. వంతెన లేదు. తొమ్మిదయ్యాయి. లేదు. అడవి, మంచు, మళ్ళీ ఎక్కుడు. దిగుడే అన్నాను కదా. ఎక్కడో ఒక గుర్తు చూడకుండా పక్కదారి పట్టానని ఆయన నిశ్చయించుకున్నారు. ఫోన్లో మ్యాప్ ఉంది కదా అంటారేమో. తడిసి గడ్డకట్టిన వేళ్ళకు స్క్రీన్ పలకలేదట. వెనక్కి తిరిగి వచ్చారు. మళ్ళీ ముందుకు కొంత దూరం వెళ్ళి, మళ్ళీ వెనక్కి. కదులుతున్నంతసేపూ ఒంట్లో వేడి ఉంటుంది. దారి వెతుక్కుంటూ నిలబడి చూసేసరికి చలి పట్టుకుంది.

ఆయన మొదటి నుంచీ సరైన దారిలోనే ఉన్నారు. నేను చెప్పిన అంకె ఒక్కటే తప్పు.

హీటర్ పూర్తిగా పెట్టి, పొడి బట్టలు మార్చి, ఫ్లాస్కులో టీ పోశాను. ఇక పరుగు ముగిసినట్టే. ఇంటికి తిరిగి వస్తుండగా నేనే ఒప్పుకున్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్న మాట ఇది: "పద్నాలుగు అని చెప్పినా బహుశా వెళ్ళేవాణ్ణే. లేదా ఆగిపోయేవాణ్ణి. ఏదైనా ఫర్వాలేదు. కానీ తప్పు నాదే అనుకుని రెండు గంటలు తిరిగాను చూడు, అది భరించలేకపోయాను."

వెనక సీట్లో వాడు నిద్రపోతున్నాడనుకున్నాను. నిద్రపోలేదన్నమాట.

ఆ మరుసటి ఏడాది హైదరాబాద్ వచ్చేశాం. ఆయన ఇప్పుడు ఆదివారాలు కె.బి.ఆర్. పార్క్ చుట్టూ పరిగెడతారు. విక్లో వే పూర్తి చేయడం మిగిలిపోయింది.

గత నెలలో వాడు ఆ ప్రశ్న అడిగాక నేను వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు కడిగే నెపంతో నిలబడ్డాను. నాకు మా ఆడపడుచు కొడుకు గుర్తొచ్చాడు. బంగారం లాంటి పిల్లాడు. మంచి కాలేజీలో బీటెక్ మొదటి సంవత్సరం. సంక్రాంతికి వచ్చినప్పుడు డాబా మీద నా పక్కన కూర్చుని అన్నాడు, "అత్తా, ఇంటర్ అయిపోతే అంతా అయిపోయినట్టే అన్నారందరూ. ఇక్కడికొస్తే ఇంకా కష్టంగా ఉంది. మా క్లాసులో అందరూ హాయిగానే ఉన్నట్టున్నారు. నేనే ఎక్కడో తప్పు చేశానేమో." నేను అప్పుడు "ఛ, అలా అనుకోకు" అని వాడి చేతిలో ఇంకో అరిసె పెట్టాను. వాడికి కావల్సింది అరిసె కాదు. ముందు నుంచీ ఎవరైనా సరైన అంకె చెప్పి ఉంటే, ఎక్కుడు వచ్చినప్పుడు దారి తప్పాననుకునేవాడు కాదు.

మనం అబద్ధం చెడ్డ ఉద్దేశంతో చెప్పం. ముఖం పాలిపోయి ఎదురుగా నిలబడితే తట్టుకోలేక చెబుతాం. పదో తరగతి అయితే చాలంటాం, అది అయ్యాక ఇంటర్ అంటాం, తర్వాత ర్యాంకు, తర్వాత సీటు. నన్ను కూడా ఇలాగే పెంచారు, నేనూ చిన్నప్పుడు నమ్మాను. వాడు మాత్రం నమ్మడు. వాడు మ్యాప్ చూశాడు.

మరుసటి ఆదివారం ముగ్గురం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. ఒక పొడవాటి చార్ట్ కాగితం మీద నేను గీత గీసి రాయడం మొదలుపెట్టాను. తొమ్మిదిలో మిగిలిన నెలలు. పది. ఇంటర్ రెండేళ్ళు. ప్రవేశ పరీక్షలు. ఇంజనీరింగ్ అయితే నాలుగేళ్ళు, ఇంకేదైనా అయితే దాని లెక్క దానిది. ఉద్యోగంలో మొదటి ఏడాది కూడా చదువే అని మా వారు చెబితే అదీ రాశాను. రాస్తుంటే నాకే భయమేసింది, ఇంత పెద్ద గీత చూసి వాడేమవుతాడోనని. మా వారు పెన్ను తీసుకుని కొన్ని చోట్ల గీతను పైకి వంచి కొండలు చేశారు. "ఇక్కడ ఎక్కుడు. ఇక్కడ నడిచినా ఫర్వాలేదు" అని రాశారు.

వాడు బెదరలేదు. కాసేపు వేలితో గీత వెంట నడిపించి, "మరి ఇందులో మీరు కారు ఎక్కడెక్కడ ఆపుతారు?" అన్నాడు.

నేను అది ఆలోచించనే లేదు. పెన్సిల్ వాడికే ఇచ్చాను. దసరా సెలవుల దగ్గర చిన్న కారు వేశాడు. ప్రతి ఆదివారం సాయంత్రం క్రికెట్ అని ఒక చుక్కల వరుస పెట్టాడు. పదో తరగతి పరీక్షలు అయిపోయిన చోట కారు వేసి, దాని పక్కనే ఒక మడత కుర్చీ బొమ్మ కూడా వేశాడు.

"ఇక్కడ ఎంతసేపు?" అన్నాను.

"ఒక నెల."

కాలేజీలు ఏప్రిల్‌లోనే బ్రిడ్జ్ కోర్సు క్లాసులు మొదలుపెడతాయని నాకు తెలుసు. పదిహేను రోజులు అందామని నోటిదాకా వచ్చింది. మా వారు నన్నే చూస్తున్నారు. పెన్సిల్ తీసుకుని కుర్చీ కింద ఒక నెల అని రాశాను. ఆ కాగితం ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఉంది.